ఇంట్లో మనిషి... జీతమెంత?

ఏప్రిల్ నెలొచ్చిందంటే మా ఆఫీసులో అందరి మొహాలూ ఒకే రకంగా ఉంటాయి. అప్రైజల్ లెటరు వచ్చేదాకా ఎవరికీ పని మీద మనసుండదు. వచ్చాక అసలే ఉండదు. "ఏడు పర్సెంటా? వేరే కంపెనీకి దూకేయడం నయం" అని ఒకడు, "నాకైతే ఆరే, ఎవరితో చెప్పుకోను" అని ఇంకొకడు. నేనూ ఆ బ్యాచ్‌లోవాడినే, కాదనను. 2024 ఏప్రిల్లో మా మేనేజరుని మీటింగ్ రూములో కూర్చోబెట్టి అరగంట వాయించాను. మార్కెట్ రేటు ఇంత ఉంది, నేను పోతే నా మాడ్యూలు తెలిసినవాడు ఇంకొకడు లేడు, రాత్రి రెండింటికి ప్రొడక్షన్ పడిపోతే లేచేది నేనే... ఇలా అన్నమాట. ఆయన అంతా ఓపిగ్గా విని "నువ్వు మా ఫ్యామిలీలో మనిషివి, డబ్బుదేముంది" అన్నాడు. ఆ మాటకి నాకు ఎక్కడలేని ఒళ్లుమంట వచ్చింది. ఫ్యామిలీ ఏంటి, డబ్బులివ్వవయ్యా బాబూ!

అదే వారం శనివారం మా ఊరెళ్లాను. అక్కడ సరిగ్గా అదే మాట నేను ఇంకొకరితో అన్నాను. ఆ సంగతి చెబుదామనే ఇదంతా.

మాది దాచేపల్లి. హైదరాబాదు నుంచి మిర్యాలగూడ, వాడపల్లి దాటి కృష్ణ మీద వంతెన దిగితే పల్నాడు వచ్చేసినట్టే, ఇంకాస్త ముందుకొస్తే మా ఊరు. పక్కనే నాగులేరు, కాస్త దూరంలో నడికుడి జంక్షను. నాపరాళ్లు, సిమెంటు లారీలు, సీజన్లో ఎటు చూసినా ఎర్రగా మిరప కల్లాలు. ఊరి మీదుగా పోయే అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీదే 2019లో మా అన్నయ్య బైకు మీంచి పడ్డాడు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. చేతులు ఆడతాయి గానీ వేళ్లలో పట్టు లేదు. ఛాతీ కిందనుంచి కదలికా లేదు, స్పర్శా లేదు. అప్పటికి తనకి ఇరవై తొమ్మిదేళ్లు, ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. నేను అప్పుడే ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాను.

మొదటి ఏడాది అమ్మా నాన్నే చూసుకున్నారు. 2020లో పక్క ఊరి నుంచి ఒకాయన వచ్చి చేరాడు. నలభై దాటిన మనిషి, అంతకుముందు క్వారీలో పని చేసి మానేశాడు. మొదటి వారంలోనే అన్నయ్య ఆయన్ని "బాబాయ్" అనడం మొదలుపెట్టాడు. తర్వాత నేనూ. తర్వాత ట్యూషను పిల్లలూ. పండక్కి మాతోపాటు ఆయనకీ బట్టలు. అమ్మ ఎవరికైనా పరిచయం చెయ్యాల్సొస్తే "మా ఇంట్లో మనిషేనండీ" అనేది. జీతం ఆరు వేలతో మొదలై 2024కి ఎనిమిది వేలయింది. తిండి మాదే. పడక కూడా మా ఇంట్లోనే, అన్నయ్య మంచం పక్కన.

ఆయన చేసే పనేమిటో ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఏదో పక్కన కూర్చుని మంచినీళ్లందించే పని అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

పొద్దున ఐదున్నరకి అన్నయ్యని పక్కకి తిప్పి దొడ్డికి చేయించాలి. అదొక్కటే గంట పని, చేతికి గ్లౌజు వేసుకుని. తర్వాత స్నానం, ఒళ్లంతా తుడిచి ఎక్కడైనా ఎర్రగా కందిందేమో చూడటం. మడమలు, తుంటి, నడుం కింద ఎముక... తనకి నొప్పి తెలియదు కాబట్టి ఈయన కళ్లే చూడాలి. మూత్రం బ్యాగు ఖాళీ చేయడం, కాళ్లకీ చేతులకీ వ్యాయామం, మంచం మీంచి చక్రాల కుర్చీలోకి ఎత్తడం, మళ్లీ కుర్చీలోంచి మంచం మీదికి. ఇవన్నీ పగటి పనులు. రాత్రిళ్లు రెండేసి గంటలకొకసారి లేచి పక్కకి తిప్పాలి. తిప్పకపోతే పుండ్లు పడతాయి. అలారం కూడా పెట్టుకునేవాడు కాదు బాబాయి, అలవాటై అదే మెలకువ వచ్చేసేది.

ఇంకొకటుంది. మెడ దగ్గర దెబ్బ తిన్నవాళ్లకి మూత్రం పైపు మెలిక పడి మూత్రం ఆగిపోతే బీపీ ఒక్కసారిగా పైకెళ్లిపోతుంది. తల పగిలిపోయే నొప్పి, ముఖమంతా చెమటలు. వెంటనే మనిషిని లేపి కూర్చోబెట్టి పైపు సరిచేయాలి. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. బాబాయి చదివింది ఐదో తరగతి. అన్నయ్య నుదుటి మీద చెమట చుక్క కనిపిస్తే చాలు, ఆయన చెయ్యి ముందు పైపు మీదికే పోయేది. ఈ పనికి నైపుణ్యం అక్కర్లేదని ఎవరైనా అంటే నాకు ఇప్పుడు కోపమొస్తుంది. అప్పుడు రాలేదు. ఎందుకంటే అప్పుడు నేను కూడా నైపుణ్యం లేని పనికిచ్చే జీతమే ఇస్తున్నాను.

నాలుగేళ్లు ఇలా నడిచింది. బాబాయి ఉండబట్టి రోజూ సాయంత్రం నాలుగింటికి అన్నయ్య కుర్చీలోకి వచ్చేవాడు. వరండాలో పది, పన్నెండు మంది పిల్లలకి లెక్కలు చెప్పేవాడు. తను చెబుతుంటే ఒక పిల్లాడు బోర్డు మీద రాసేవాడు. టెన్త్ పిల్లల తల్లిదండ్రులు వచ్చి "మాస్టారూ" అని పిలుస్తుంటే అన్నయ్య ముఖం చూడాలి మీరు.

2024 ఫిబ్రవరిలో, మిరపకోతలు జోరుగా ఉన్నప్పుడు, బాబాయి మానేశాడు. అమ్మ ఫోన్ చేసి "నాలుగేళ్లు మన అన్నం తిని, చెప్పాపెట్టకుండా పోయాడ్రా" అంది. నిజానికి చెప్పాడు. సంక్రాంతికే చెప్పాడు, ఖర్చులు పెరిగాయి, జీతం కాస్త పెంచండి అని. "ఉగాదికి చూద్దాంలే బాబాయ్" అన్నది నేనే. మన మేనేజర్లు "నెక్స్ట్ సైకిల్లో చూద్దాం" అంటారే, అచ్చం అలాగే.

తర్వాత రెండు నెలలు ఎలా గడిచాయో ఇప్పుడు తలుచుకున్నా బాగుండదు. అమ్మకి మోకాళ్లు అరిగిపోయాయి, నాన్నకి అరవై దాటాయి. పగలు ఎలాగో లాగారు. రాత్రిళ్లు రెండు గంటలకోసారి లేవడం వాళ్ల వల్ల కాలేదు. మూడో వారానికి నడుం కింద పుండు పడింది. గుంటూరు నుంచి ఏజెన్సీ ద్వారా ఒక కుర్రాడిని తెచ్చాం. నెలకి ఇరవై రెండు వేలు. "నీ చేతికెంత ఇస్తారు?" అని ఆ కుర్రాడిని అడిగితే పదమూడు వేలన్నాడు. పాపం వాడి తప్పేం లేదు గానీ వాడికెవరూ ఏమీ నేర్పలేదు. ఒకరోజు అన్నయ్యకి తలనొప్పీ చెమటలూ వస్తే తలనొప్పి మాత్ర ఇవ్వబోయాడు. అన్నయ్యే "పైపు చూడు, పైపు" అని అరిచి చెప్పుకోవాల్సొచ్చింది. తొడ కింద మెలిక పడి ఉంది. తను నిద్రలో ఉండుంటే? నెల తిరక్కుండానే ఆ కుర్రాడూ వెళ్లిపోయాడు. ట్యూషన్లు ఆగిపోయాయి, అదీ సరిగ్గా టెన్త్ పరీక్షల ముందు. పుండు మానేదాకా కూర్చోకూడదని డాక్టరు చెప్పాడు. అన్నయ్య వారాల తరబడి పక్కకి తిరిగి పడుకుని గోడని చూస్తూ గడిపాడు.

సర్లే, మళ్లీ బాబాయినే బతిమాలదామని ఆ శనివారం బండేసుకుని వాళ్ల ఊరెళ్లాను. ఆయన వాకిట్లో నులకమంచం మీద కూర్చున్నాడు. నీళ్లిచ్చారు, కూర్చోమన్నారు. నేను మొదలుపెట్టాను. "నువ్వు మాకు పనివాడివా బాబాయ్, ఇంట్లో మనిషివి కదా, ఇట్టా వదిలేసి పోతే ఎట్టా" అని.

ఆయన నవ్వాడు. "అబ్బాయ్, మీరు బాబాయ్ అంటారు, బానే ఉంటది. మా పిల్ల కాలేజీవాళ్లు నన్ను బాబాయ్ అనరు గదయ్యా. ఫీజు కట్టమంటారు."

నాకు నోట మాట రాలేదు. ఆయనే మళ్లీ అన్నాడు. "కోతలకి పోతే నాకూ, మా ఇంటిదానికీ కలిపి రోజుకి ఎనిమిదొందలు. పొద్దుగూకితే ఇంటికొచ్చి పడుకుంటన్నా. నాలుగేళ్లయింది నేను రాత్రంతా పడుకుని. నువ్వేమీ అనుకోబాక."

తిరిగొస్తూ నాగులేరు వంతెన దగ్గర బండి ఆపి ఫోన్లో క్యాలిక్యులేటర్ తీశాను. ఎనిమిది వేలు భాగించు ముప్పై, రోజుకి 266 రూపాయలు. 2023–24లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 272. అంటే ఎండాకాలం చెరువులో మట్టి తీసే పనికి ప్రభుత్వం పెట్టిన రేటు కన్నా ఆరు రూపాయలు తక్కువ. అదీ రాత్రీ పగలూ కలిపి. ఆ 266ని ఇరవై నాలుగుతో భాగిస్తే గంటకి పదకొండు రూపాయలు. మా ఆఫీసు బయట టీ పదిహేను! నాకేమో నెలకో వారం ఆన్‌కాల్ చేస్తే దానికి వేరే అలవెన్సు, మర్నాడు లేటుగా వచ్చే వెసులుబాటు. ఆయనకి నాలుగేళ్ల పాటు నెలకి నాలుగు వారాలూ ఆన్‌కాలే. అరగంట మేనేజరుని వాయించినవాడినే, ఆ మేనేజరు కన్నా అన్యాయమైన మేనేజరుని నేనని తెలిసి సిగ్గేసింది.

ఇంటికొచ్చి అన్నయ్యతో చెబితే ఒకటే మాటన్నాడు. "ఆయన మానేశాడని నాకేం కోపం లేదురా. నాకు కాళ్లుంటే నేను కూడా ఎనిమిది వేలకి ఆ పని చెయ్యను."

ఈ "ఇంట్లో మనిషి" అనే మాట మన ఊళ్లోనే కాదు, అమెరికాలో చట్టంలోకే ఎక్కింది! అక్కడ 1974లో ఇంటి పనివాళ్లని కనీస వేతన చట్టం కిందికి తెచ్చినప్పుడు, ముసలివాళ్లకీ అశక్తులకీ తోడుండేవాళ్లని మాత్రం మినహాయించారు. వాళ్లు చేసేది "తోడు"ట, పని కాదుట. జమైకా నుంచి న్యూయార్క్ వచ్చి ఇరవై ఏళ్లు ఇదే పని చేసిన ఎవలిన్ కోక్ అనే ఆవిడ, ఓవర్‌టైమ్ ఇవ్వలేదని తను పనిచేసిన ఏజెన్సీ మీద కేసు వేసింది. 2007లో సుప్రీంకోర్టు జడ్జిలందరూ ఏకగ్రీవంగా ఆవిడకి వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. 2009లో ఆవిడ చనిపోయింది. 2013లో ఒబామా ప్రభుత్వం నిబంధన మార్చి ఏజెన్సీలు పెట్టుకున్నవాళ్లకి కనీస వేతనం, ఓవర్‌టైమ్ ఇవ్వాల్సిందే అంది. 2025 జులైలో అదే కార్మిక శాఖ ఆ మార్పుని వెనక్కి తీసుకునే ప్రతిపాదన పెట్టింది. తోడా, పనా అన్న గొడవ అక్కడ యాభై ఏళ్ల తర్వాత కూడా తెగలేదు!

అన్నయ్యకి మాత్రం అదే అమెరికాలో ఇంకొకాయన కథ ఇష్టం. ఎడ్ రాబర్ట్స్ అని, పోలియో వచ్చి మెడ కింద దాదాపు కదలిక లేని మనిషి. రాత్రిళ్లు ఇనుప డబ్బాలాంటి శ్వాస యంత్రంలో పడుకునేవాడు. 1962లో బర్క్లీలో చదువుకి చేరాడు. నువ్వు ఏ ఉద్యోగానికీ పనికిరావని అంతకుముందు కాలిఫోర్నియా పునరావాస శాఖ ఆయనకి సాయం నిరాకరించబోయింది. 1975లో అదే శాఖకి డైరెక్టరయ్యాడు! ఆయన్ని పొద్దున్నే లేపి, కడిగి, బట్టలేసి, కుర్చీలో కూర్చోబెట్టినవాళ్లు జీతానికి పనిచేసిన సహాయకులే. అన్నయ్య మాటల్లో చెప్పాలంటే, పొద్దున మనల్ని లేపే మనిషి రాకపోతే డైరెక్టరైనా లెక్కల మాస్టారైనా మంచం మీదే.

సరే, అసలు ప్రశ్నకొద్దాం. జీతం పెంచాలి, బానే ఉంది, ఎవరివ్వాలి?

మా ఇంటి లెక్క ముందు చెబుతాను. మే నెలలో బాబాయి తిరిగొచ్చాడు. పొద్దున ఐదున్నర నుంచి రాత్రి ఏడు దాకా, మధ్యాహ్నం రెండు గంటలు విశ్రాంతి, ఆదివారం సెలవు, పదహారు వేలు. రాత్రిళ్లకి మా వీధిలోనే ఉండే ఒక కుర్రాడికి బాబాయే నెల రోజులు పని నేర్పాడు. ఆ నెలకి ఇద్దరికీ జీతం ఇచ్చాం. ఆ కుర్రాడికి ఎనిమిది వేలు. ఆదివారం పగలు నాన్నా, ఇంకో బంధువూ చూస్తారు. మొత్తం ఇరవై నాలుగు వేలు. ఇది కూడా గొప్ప జీతాలని నేననను. కానీ ఆగస్టుకి అన్నయ్య మళ్లీ వరండాలోకొచ్చాడు.

అదృష్టం బాగుండి 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైనవాళ్ల పెన్షన్ని ఐదు వేల నుంచి పదిహేను వేలు చేసింది. మిగతా దివ్యాంగులకి మూడు వేల నుంచి ఆరు వేలు. ఇది పెద్ద పెంపే, మెచ్చుకోవాలి. అయితే ఆ పదిహేను వేలు అన్నయ్య తిండికీ మందులకీ పైపులకీ డైపర్లకీ ఇచ్చిన డబ్బు. అది అటెండెంటు జీతానికే పోతే తనకి మిగిలేదేంటి? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్లో ఈ రెండూ వేర్వేరుగానే రాశారు. ఎక్కువ సహాయం అవసరమైన దివ్యాంగులకి సంరక్షకుల భత్యం ఇచ్చే పథకాలు ప్రభుత్వాలు పెట్టాలని అందులో ఉంది. కేరళలో ఆశ్వాసకిరణం అనే పథకం కింద మంచాన పడ్డవాళ్లని చూసుకునేవాళ్లకి నెలకి 600 రూపాయలిస్తున్నారు. రోజుకి ఇరవై. చిన్న మొత్తమే, కానీ చూసుకోవడం కూడా ఒక పనేనని ఒప్పుకున్నట్టయింది.

మిగతాది నేను వేసుకుంటున్నాను, నా జీతం నుంచి. పైగా పాత పన్ను పద్ధతిలో ఉన్నాను కాబట్టి 2024–25కి 80డీడీ కింద లక్షా పాతిక వేలు మినహాయింపు దొరికింది. ముప్పై శాతం శ్లాబులో అది 39 వేల రూపాయల పన్ను ఆదా. ఇక్కడే నాకు మింగుడు పడనిది ఉంది. మా వెనక వీధిలో ఇలాగే మంచాన పడ్డ కొడుకుని ఒక తల్లి ఒక్కతే చూసుకుంటోంది. ఆవిడకి పన్ను కట్టేంత ఆదాయం లేదు కాబట్టి ఆదా కూడా లేదు. అంటే అటెండెంటు ఖర్చులో ప్రభుత్వం కొంత భరిస్తోంది, కానీ నాలాంటివాడికి! ఇంకో మాట. రేపు మా కంపెనీలో లేఆఫ్ జరిగి నా పేరు లిస్టులో ఉంటే? నా ఈమెయిల్ ఐడీతో పాటు మా అన్నయ్య కుర్చీ కూడా ఆగిపోతుంది. ఇలా ఒక్క సర్వరు మీద నడిచే సిస్టమ్‌ని మనం డిజైన్ రివ్యూలో ఒప్పుకుంటామా?

జీతాలు పెంచితే దివ్యాంగుల కుటుంబాలే నలిగిపోతాయి కదా అని ఒక ఫ్రెండు అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. కాలిఫోర్నియాలో దానికొక దారి చూశారు. ఎవర్ని పెట్టుకోవాలి, ఎవర్ని తీసెయ్యాలి అన్నది దివ్యాంగుల ఇష్టం. జీతం మాత్రం ప్రభుత్వ పథకం నుంచి వస్తుంది. వేతనం ఎంతన్నది కార్మికులు స్థానికంగా ఏర్పడ్డ ఒక ప్రజా సంస్థతో కూర్చుని మాట్లాడుకుంటారు. దివ్యాంగుల సంఘాలు కూడా కలిసొచ్చాకే అది సాధ్యమైంది. 1999లో ఒక్క లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోనే 74 వేల మంది ఈ పనివాళ్లు యూనియన్‌లో చేరడానికి ఓటేశారు. అక్కడి డబ్బు మన దగ్గర లేదు, నిజమే. కానీ పద్ధతి అరువు తెచ్చుకోవచ్చు కదా. పెన్షన్ని ముట్టుకోకుండా వేరే సంరక్షకుల భత్యం, ఈ పనికంటూ ఒక కనీస వేతనం, మండలానికొక పేర్ల జాబితా, పుండ్ల గురించీ పైపు గురించీ నేర్పే శిక్షణ. నేర్పడానికి మా బాబాయి లాంటివాళ్లు ప్రతి మండలంలోనూ ఉంటారు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇంటిపనివాళ్ల కోసం చట్టం సంగతి చూడటానికి కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. ఇళ్లలో దివ్యాంగుల్ని చూసుకునేవాళ్లని అందులో మర్చిపోకూడదు. అది కోర్టు పనీ ప్రభుత్వం పనీ మాత్రమే అనుకుని ఊరుకుంటే మాత్రం మనం మన మేనేజర్ల కన్నా మెరుగేం కాదు.

ఎందుకంటే ఇది చదివేవాళ్లలో చాలామందిమి ఊళ్లో ఉన్న అమ్మకో నాన్నకో అన్నకో అక్కకో ఎవర్నో ఒకర్ని పెట్టి, నెలనెలా ఫోన్‌పేలో డబ్బులు పంపేవాళ్లమే. ప్రభుత్వం కదిలేలోపు మన చేతిలో ఉన్నది మనం చెయ్యొచ్చు. ఎన్ని గంటలో ముందే చెప్పండి. వారానికొక సెలవివ్వండి, ఆ రోజు పనిచేసే ఇంకో మనిషిని చూడండి. రాత్రి పనిని వేరే పనిగా లెక్కించండి. మనకి హైక్ వచ్చిన నెలలోనే వాళ్లకీ పెంచండి, అడిగేదాకా ఆగొద్దు. బాబాయ్, అక్కా, అత్తా అని పిలవడం మానక్కర్లేదు, మేమూ మానలేదు. కానీ ఆ పిలుపుని జీతంలోంచి కోసుకోవద్దు.

ఇంకేం వద్దు, ఒక్క లెక్క చెయ్యండి. ఈ నెల డబ్బులు పంపేముందు ఆ అంకెని ముప్పైతో భాగించండి. వచ్చినదాన్ని ఆ మనిషి మీ ఇంట్లో ఉండే గంటలతో భాగించండి. మాకు పదకొండు వచ్చింది. మీకెంత వచ్చిందో?